పిల్లలు తగ్గుతుంటే మందు వెతక్కండి, పుంజుల లెక్క చూడండి

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. రెండేళ్ల కిందట ఒకే చోట నుంచి రోడ్ ఐలాండ్ రెడ్ జాతి పుంజు ఒకటి, పెట్టలు నాలుగు తెచ్చారు. మొదట్లో 30 గుడ్లు ఇంక్యుబేటర్‌లో పెడితే 25 పిల్లలు వచ్చేవి. ఇప్పుడు ఆ పిల్లలు పెద్దవై పెట్టిన గుడ్లు పెడితే 30కి 13 వస్తున్నాయి. వచ్చినవాటిలోనూ కొన్నిటికి కాలివేళ్లు ముడుచుకుపోతున్నాయి. ఏ విటమిన్ వేయాలి, చేతిలో ఉన్న రెండు పుంజుల్లో దేన్ని ఉంచాలి, బయటి నుంచి కొత్త పుంజును తేవచ్చా అని అడిగారు.

విటమిన్ సంగతి చిన్నది, ముందు అది తేల్చేద్దాం. వేళ్లు ముడుచుకోవడం రెండు రకాలు. పిల్ల వేళ్లు పిడికిలి బిగించినట్టు లోపలికి మడిచి, మడమల మీద కూర్చుండిపోయి, నడవమంటే మడమల మీదే పాకుతుంటే అది బి2, అంటే రైబోఫ్లేవిన్ లోపం. మొదటి రెండు మూడు వారాల్లో కనిపిస్తుంది. మొదట్లోనే నీళ్లలో బి కాంప్లెక్స్ కలిపి ఇస్తే చాలావరకు కోలుకుంటాయి. ఆలస్యమైతే కాలి నరం దెబ్బతిని అలాగే ఉండిపోతాయి. వేళ్లు పక్కకి వంకరపోయి, పిల్ల మాత్రం మామూలుగానే పరిగెడుతుంటే అది వేరే సంగతి. జారే నేల మీద పెరగడం, ఇంక్యుబేటర్‌లో వేడి తేడాలు, కొన్నిసార్లు వంశం దానికి కారణాలు.

బి2 లోపమే అయితే పిల్లలకు మందు పోసి ఊరుకోకండి, తల్లి మేత చూడండి. లేయర్ మేత మనం తినే గుడ్ల కోసం తయారైనది. పెట్ట గుడ్డు పెట్టడానికి సరిపోయే విటమిన్లు ఆ గుడ్డులో పిల్ల ఎదగడానికి సరిపోవు. అందుకే బ్రీడర్ మేత వేరుగా ఉంటుంది. పొదగడానికి గుడ్లు ఏరడం మొదలుపెట్టే ముందు కనీసం మూడు నాలుగు వారాల నుంచైనా అది పెట్టాలి. ఇంకో మాట, ఎదిగే పిల్లలకు మాత్రం లేయర్ మేత పెట్టకండి. అందులో ఉన్న కాల్షియం వాటి కిడ్నీలను పాడు చేస్తుంది.

ఇక అసలు విషయం. 25 నుంచి 13కి పడిపోవడం మేత ఒక్కదాని వల్ల జరిగిందని నేననుకోను. కానీ నా అనుమానం మీరు నమ్మక్కర్లేదు. గుడ్లే చెబుతాయి.

పిల్లలు రాని ఆ 17 గుడ్లను ఏం చేశారు? పారేసి ఉంటారు. అందరం అదే చేస్తాం, ఆ వాసనకి. ఈసారి పారేయకండి. 22వ రోజున ఆరుబయట కూర్చుని, చేతికి గ్లవ్స్ వేసుకుని, ఒక్కో గుడ్డును వెడల్పు వైపు నుంచి పగలగొట్టి చూడండి. లోపల ఏమీ లేకపోతే అది పుంజు కలవని గుడ్డు, లేదా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చచ్చినది. సన్నటి రక్తపు వలయం ఉంటే మొదటి వారంలో పోయింది. కళ్లు, కాళ్లు ఏర్పడి వేలెడు పిల్ల ఉంటే నడి వారంలో. ఇలా నడిమధ్యలో చనిపోయినవి ఎక్కువగా ఉంటే, వాటి నూగు ముడిపడ్డట్టు చిన్న చిన్న ఉండలుగా కనిపిస్తే తల్లి మేతలో లోపం ఉన్నట్టు. పూర్తిగా ఎదిగి, పచ్చసొన లోపలికి పీల్చుకుని, పెంకు పొడవకుండానో పొడిచి ఆగిపోయో చచ్చినవి ఎక్కువైతే ముందు ఇంక్యుబేటర్ తేమనీ వేడినీ అనుమానించాలి. ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌కి 37.5 డిగ్రీలు, మొదటి 18 రోజులు తేమ 50 శాతం దగ్గర, చివరి మూడు రోజులు 65 నుంచి 70. పిల్లలన్నీ 20వ రోజుకే వచ్చేస్తుంటే వేడి ఎక్కువ, 22 దాటుతుంటే తక్కువ.

దీనికి తోడు ఒక పెన్సిల్ చాలు. ఏ పెట్ట గుడ్డో ఆ గుర్తు గుడ్డు మీద రాయండి. తప్పు ఇంక్యుబేటర్‌దైతే అన్ని పెట్టల గుడ్లూ ఇంచుమించు ఒకేలా దెబ్బతింటాయి. తప్పు కోళ్లలో ఉంటే ఒక పెట్ట గుడ్లు పదికి తొమ్మిది పిల్లలవుతుంటే ఇంకోదానివి పదికి రెండు కూడా కావు. ఈ తేడా ఒక్కటి కనిపిస్తే చాలు, సగం టెన్షన్ తీరిపోతుంది. ఏది తీసేయాలో తెలిసిపోయింది కాబట్టి.

పుంజు కలుస్తోందో లేదో తెలుసుకోవడానికి ఇంక్యుబేటర్ కూడా అక్కర్లేదు. ఆ రోజు పెట్టిన గుడ్డును పళ్లెంలో పగలగొట్టి, పచ్చసొన మీద తెల్ల చుక్క చూడండి. చిన్నగా, గట్టిగా, అంచులు చెదిరిన తెల్ల చుక్కయితే కలవలేదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి చక్రంలా, మధ్యలో పలచగా, చుట్టూ తెల్లటి గీతతో ఉంటే కలిసింది. వంటకి గుడ్డు కొట్టినప్పుడల్లా ఒక చూపు వేసే అలవాటు చేసుకోండి.

ఇవన్నీ చూశాక ఇంక్యుబేటర్ బాగుండి, మేత బాగుండి, పుంజు కలుస్తూ కూడా మొదటి వారంలోనూ చివరిలోనూ పిల్లలు పోతుంటే అది దగ్గర రక్తం దెబ్బ, అంటే ఇన్‌బ్రీడింగ్. మీ మందలో అది ఉండకపోవడమే ఆశ్చర్యం. లెక్క వేద్దాం.

అన్నాచెల్లెళ్లను జత కడితే పుట్టే పిల్లల ఇన్‌బ్రీడింగ్ 25 శాతం. తండ్రీ కూతుళ్లదీ అంతే. తండ్రి ఒకడే అయి తల్లులు వేరైతే 12.5 శాతం. మీ రెండో తరం మొత్తానికి తండ్రి ఒక్కడే. కాబట్టి ఇప్పుడు మీరు పెడుతున్న గుడ్లలో ఏ పిల్లను తీసుకున్నా 12.5కి తగ్గదు, కొన్నిటికి 25 ఉంటుంది. మొదట తెచ్చిన అయిదూ ఒకే చోటివి కాబట్టి అవీ చుట్టాలే అయ్యుంటే ఇంకా పైనే. ఇలా దగ్గర రక్తం కలిసినప్పుడు ముందు దెబ్బ తగిలేది రంగుకో సైజుకో కాదు. పొదిగే శాతం, పిల్లల బతుకు, పుంజు సత్తువ, ఇవి ముందు జారతాయి. పైకి కోడి అందంగానే ఉంటుంది. చాలామంది మోసపోయేది అందుకే.

మందలో ఈ ముప్పు తరానికి ఎంత చొప్పున పెరుగుతుందో చెప్పే సూత్రం ఒకటుంది. పుంజుల సంఖ్యను పెట్టల సంఖ్యతో గుణించి, దాన్ని నాలుగుతో గుణించి, మొత్తం కోళ్ల సంఖ్యతో భాగించండి. వచ్చేది మీ మంద అసలు బలం. ఒక పుంజు, నాలుగు పెట్టలకు అది 3.2. ఒకటిని దాని రెట్టింపుతో భాగిస్తే తరానికి 15.6 శాతం. సరే, పెట్టలు పెంచుదాం అనుకుంటారు. ఒక పుంజు, ఇరవై పెట్టలు వేసి చూడండి. 3.8 వస్తుంది, తరానికి 13 శాతం. పదహారు పెట్టలకు అదనంగా మేత పెట్టి సాధించింది అంతే! అదే మూడు పుంజులు, పన్నెండు పెట్టలు అయితే 9.6, తరానికి 5.2 శాతం. అయిదు పుంజులు, ఇరవై పెట్టలైతే 16, తరానికి 3.1 శాతం.

ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను కాగితం పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. అప్పటికి ఆరేళ్లుగా ఒక్క మేటి పుంజు, దాని చుట్టూ డజను పెట్టలు, ఇదే బ్రీడింగ్ అనుకుంటున్నా. పుంజులను పోషించడం దండగని అందరం అనుకుంటాం. తింటాయి, కొట్టుకుంటాయి, గుడ్డు పెట్టవు. కానీ జాతి నిలబడేది వాటి సంఖ్య మీదే.

అందుకని మీరు చేయాల్సింది ఇది. మూడు దొడ్లు కట్టండి. మీ పాత పెట్టలు ఇంకా ఉన్నాయన్నారు కాబట్టి ఒక్కోదాన్ని ఒక్కో దొడ్డికి తల్లిగా పెట్టండి, నాలుగోది ఎక్కడైనా సరే. పుట్టిన ఆడపిల్లలు తల్లి దొడ్లోనే ఉంటాయి. మగపిల్లలు పక్క దొడ్డికి వెళతాయి, ఒకటో దొడ్డివి రెండుకి, రెండువి మూడుకి, మూడువి ఒకటికి. ప్రతి ఏడూ ఇదే తిరగలి. పుంజును తల్లి దగ్గరికీ తోబుట్టువుల దగ్గరికీ పంపకుండా ఇది ఆపుతుంది, పెద్ద పుస్తకాలు రాయక్కర్లేకుండా. గుర్తు మాత్రం తప్పనిసరి. పుట్టిన రోజే కాలివేళ్ల మధ్య పొరకు చిన్న కన్నం వేస్తారు. కాలికి రెండు పొరలు, రెండు కాళ్లకు నాలుగు. కన్నం ఉండటం, లేకపోవడం కలిపితే 16 రకాల గుర్తులు వస్తాయి. మూడు దొడ్లకు అది ఎక్కువే.

మీ పాత పుంజే అందరికీ తండ్రి కాబట్టి ఈ తిరగలి ఒక్కటే చాలదు. బయటి రక్తం ఒకటైనా రావాలి. అది ఎలాగో చివర్లో చెబుతా. ముందు మీ రెండు పుంజుల సంగతి.

మొదటిది ముదురు ఎరుపు, పెద్ద ఒళ్లు, చూసినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. కానీ మూడు నెలల వయసులో ముక్కు కారి, కన్ను వాచి, మందులతో బతికింది. రెండోదానికి ఈక అడుగున బూడిద రంగు ఉంది, తల మీది ఎర్ర జుట్టుకి (కోంబ్) అయిదు పళ్లు ఉండాల్సిన చోట ఆరు ఉన్నాయి, కానీ పుట్టిన దగ్గర్నుంచి మందు ముట్టలేదు. ఉంచాల్సింది రెండోదాన్ని. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

కారణం రంగు మీద చిన్నచూపు కాదు. ముక్కు కారి కన్ను వాచే జబ్బుల్లో మైకోప్లాస్మా ఒకటి. మందుతో లక్షణాలు తగ్గుతాయి గానీ అది ఒంట్లోంచి పోదు. కోడి జీవితాంతం దాన్ని మోస్తుంది, మందకు అంటిస్తుంది, ఆ జబ్బు పట్టిన పెట్ట నుంచి గుడ్డు ద్వారా పిల్లకూ వస్తుంది. పుల్లోరం కూడా అలాగే గుడ్డులోంచి వచ్చే జబ్బే. కాబట్టి శ్వాస జబ్బు చేసి కోలుకున్న కోడిని బ్రీడింగ్‌కి వాడను. రక్త పరీక్ష చేయించి ఏమీ లేదని తేలినా కొడుకుల్ని కనిపెట్టి చూస్తాను. ఈక అడుగున బూడిద రంగంటారా, అది శుభ్రమైన అడుగు రంగున్న పెట్టలతో రెండు మూడు తరాల్లో దిద్దుకోవచ్చు. పోయిన సత్తువ అంత తేలిగ్గా తిరిగి రాదు.

అసలు ఈ జాతి కథే ఇది. రైతులు గుడ్డుకీ మాంసానికీ రకరకాల కోళ్లు కలిపి తయారుచేసుకున్న గట్టి జాతి ఇది. 1904లో అమెరికా ప్రమాణాల్లోకి ఎక్కాక ప్రదర్శనల వాళ్లు ముదురు రంగు వెంట పడ్డారు, గుడ్ల వాళ్లు గుడ్ల సంఖ్య వెంట పడ్డారు. ఇప్పుడు ఒకే పేరుతో రెండు రకాల కోళ్లు కనిపిస్తాయి. ఏదో ఒక్క గుణం కోసమే ఏరుకుంటూ పోతే మిగతావి ఎక్కడో జారిపోతాయి.

ఈ జాతిలో రోజ్ కోంబ్ రకం కూడా ఉంది, జుట్టు పళ్లలా కాకుండా అణిగి ఉండేది. ఎప్పుడైనా దానివైపు వెళితే గుర్తుంచుకోండి: తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ జన్యువే వచ్చిన పుంజుకి సంతాన శక్తి తగ్గుతుంది. అందుకే తెలిసినవాళ్లు అప్పుడప్పుడూ పుట్టే పళ్ల జుట్టు పిల్లల్ని పారేయరు, మందలో కొన్ని ఉంచుకుంటారు. పొట్టికాళ్ల జాతుల్లో ఇంకా ఘోరం. రెండు పొట్టికాళ్లవాటిని కలిపితే నాలుగో వంతు పిల్లలు గుడ్డులోనే చస్తాయి. అది ఇంక్యుబేటర్ తప్పు అనుకుని ఏళ్ల తరబడి మిషన్లు మార్చినవాళ్లున్నారు.

ఏ కోడిని ఉంచాలో నేను చూసే పద్ధతి చెబుతా. పగలు దూరం నుంచి చూస్తాను, మేతకి ఎవరు ముందు వస్తున్నారు, రెక్కలు వేలాడేస్తున్నదెవరు, ఎండలో నోరు తెరిచి నిలబడిపోయేదెవరు అని. చేతితో చూడడం రాత్రి. చీకట్లో అడ్డకర్ర మీద ఉన్న కోడిని కింద నుంచి అరచెయ్యి పోసి ఎత్తితే గోల చేయదు. ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి వింటాను. గురగుర వినిపిస్తే అక్కడితో సరి. తర్వాత రొమ్ము ఎముక మీద వేలు ముందు నుంచి వెనక్కి జరుపుతాను. గీత గీసినట్టు నిటారుగా ఉండాలి. రెక్క విప్పి వదిలితే దానంతట అదే ముడుచుకుని ఒంటికి అతుక్కోవాలి. టార్చి వేసి కళ్లు. రెండు పాపలూ గుండ్రంగా, ఒకేలా ఉండాలి. ఒకదాని అంచు చిరిగినట్టుగా ఉండి, కంటి రంగు బూడిదకు తిరిగితే మారెక్స్ అనే వైరస్ జబ్బు గుర్తు కావచ్చు. ముక్కు కత్తెరలా దాటి ఉందా, తోక ఒక పక్కకి వాలిందా, ఈకల మొదట్లో పేలు, గోమార్లు ఉన్నాయా. ఒకే గూట్లో ఒకే మేత తింటూ ఒకదానికి పేలు కుప్పలుగా ఉండి పక్కదానికి లేకపోతే, నేను రెండోదాని పిల్లల్నే కోరుకుంటా.

పెట్టలో ఇంకా రెండు చూడాలి. గుడ్డు వచ్చే చోటుకు రెండు పక్కలా సన్నటి ఎముకలుంటాయి. పెట్టే పెట్టకు వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడతాయి, మానేసినదానికి ఒక వేలు కూడా కష్టం. మీ జాతి పసుపు చర్మంది కాబట్టి రంగు కూడా చెబుతుంది. గుడ్లు పెడుతున్న కొద్దీ పసుపు ముందు గుడ్డు ద్వారం దగ్గర పోతుంది, తర్వాత కంటి చుట్టూ, తర్వాత ముక్కు, చివరికి కాళ్లు. కాళ్లు కూడా పాలిపోయాయంటే నెలల తరబడి పెడుతోందన్నమాట. మానేస్తే అదే వరుసలో తిరిగి వస్తుంది. ఈకలు ఆలస్యంగా, ఒక్కసారిగా రాల్చి త్వరగా తెచ్చుకునే పెట్ట మంచిది. చిరుగు బొంతలా చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, అది చూసి తీసేయకండి.

పుంజు గుడ్లు పెట్టదు గానీ గుడ్ల గుణం మోస్తుంది. దాన్ని దాని ఒంటిని చూసి కాక తల్లినీ అక్కచెల్లెళ్లనీ చూసి ఎంచాలి. గుడ్ల సంఖ్య, బతికే శక్తి లాంటివి ఒక్క కోడిని చూస్తే తెలిసేవి కావు, కుటుంబం మొత్తాన్ని చూడాలి. పన్నెండు మంది తోబుట్టువుల్లో ఎనిమిది పోయాక మిగిలిన అందగాడికంటే, పన్నెండుకి పదకొండు బతికిన ఇంట్లో మామూలు పుంజే మేలు.

ఏరివేత ఒక్కసారిలో అయ్యేది కాదు. పుట్టిన రోజు బొడ్డు మూసుకోనివి, లేవలేనివి. ఎనిమిది వారాలకు వంకరలు, ఎదుగుదల ఆగినవి. ఆకారం గురించి తీర్పు మాత్రం అయిదారు నెలల ముందు చెప్పకండి, బరువు జాతుల్లో మంచి పుంజులు ఆలస్యంగా తేలుతాయి. ఈ జాతి పుంజు ప్రమాణం దాదాపు 3.9 కిలోలు, పెట్ట 2.9. ఇక అసలు పరీక్ష రెండో ఏడాది. ఒక ఏడు గుడ్లు పెట్టి, ఈకలు రాల్చి, జబ్బు పడకుండా మళ్లీ గుడ్లకు వచ్చిన పెట్ట గుడ్లనే నేను ఎక్కువగా పెడతాను. పెంకులోంచి బయటికి రాలేని పిల్లను గోటితో పెంకు వలిచి తీయడం నేనూ చేశాను, మనసు ఒప్పదు కదా. తీయండి, పెంచండి, కానీ కాలికి గుర్తు వేసి బ్రీడింగ్‌కి దూరం పెట్టండి. తీసేయడం అంటే చంపడమే కానక్కర్లేదు. గుడ్లకు ఉంచుకోవచ్చు, ఆ గుడ్లు ఇంక్యుబేటర్‌లోకి రాకపోతే చాలు.

మందులు మాని బతికినవాటిని ఉంచుకుంటే సరి అని కొందరంటారు. నేను సగమే ఒప్పుకుంటా. కొక్కెర తెగులు బలంగా వస్తే టీకా లేని మందలో మంచీ చెడూ చూడదు, దాదాపు అన్నిటినీ ఊడ్చేస్తుంది. దానికి టీకా వేయాల్సిందే. మారెక్స్ టీకా పుట్టిన రోజే వేయాలి. అది గడ్డలను ఆపుతుంది గానీ వైరస్ సోకడాన్ని ఆపదు. ఆ జబ్బుకి తట్టుకునే గుణం వంశంలో కొంత ఉంటుంది కాబట్టి అక్కడ ఎంపిక కూడా పని చేస్తుంది. రక్తపారుడు తడి లిట్టర్ వల్ల ముదురుతుంది. మందుకంటే ముందు పొడి నేల.

ఇక బయటి పుంజు. తేవచ్చు, తేవాలి. నా తప్పు మాత్రం చేయకండి. ఒకసారి మంచి వంశమని ఒక పుంజును తెచ్చి, చూడ్డానికి గట్టిగా ఉందని నాలుగు రోజులే వేరుగా ఉంచి మందలో వదిలాను. మూడో వారానికి రాత్రి గూటి దగ్గర నిలబడితే గురగుర తప్ప ఇంకేం వినిపించలేదు. చచ్చినవి తక్కువే. కానీ ఆ తర్వాత రెండేళ్లు ప్రతి బ్యాచ్ పిల్లల్లోనూ అదే గురక. చివరికి మొత్తం మంద తీసేసి, దొడ్డి ఖాళీగా ఉంచి మళ్లీ మొదలుపెట్టా. 30 రోజులు వేరే చోట, వేరే గిన్నెలు, వేరే చెప్పులు, మీ కోళ్ల పని అయ్యాకే దాని దగ్గరికి వెళ్లడం. చివరి రెండు వారాలు మీ మందలో పెద్దగా అక్కర్లేని కోడిని ఒకదాన్ని దాని పక్కన పెట్టండి. దానికి ఏమీ కాకపోతే ధైర్యం.

అప్పుడు కూడా మొత్తం మంద దాని చేతికి ఇవ్వకండి. ఒక దొడ్లో రెండు పెట్టలకే వదలండి. పాత పుంజును తీసిన తర్వాత మూడు వారాలు ఆగి గుడ్లు ఏరండి, ఎందుకంటే పాత పుంజు వీర్యం పెట్ట ఒంట్లో రెండు వారాల పైనే బతికి ఉంటుంది. ఆ పిల్లలు పెద్దవై, మీకు నచ్చితే, కొడుకులు తిరగలిలో పక్క దొడ్డికి వెళతాయి. కొత్త రక్తం మందంతా పాకడానికి మూడేళ్లు పడుతుంది. నచ్చకపోతే ఒక్క దొడ్డితో పోతుంది.

ఈలోపు మీ రెండో పుంజును పాత పెట్టల్లో దాని తల్లి కానివాటితో వదలండి, ఆ పెద్ద అందగాడిని ఈ వారమే విడిగా కట్టేయండి. వచ్చే బ్యాచ్‌లో గుడ్డు మీద పెన్సిల్ గుర్తులు మరిచిపోవద్దు. పిల్లలు రాని గుడ్లు ఏ పెట్టవి ఎన్ని, లోపల ఎన్నో రోజు దాకా పెరిగాయి అన్నది రాసిపెట్టి చెబితే, ఏ పెట్టను తీసేయాలో అప్పుడు చూద్దాం.